తేడా కనిపెట్టావు సరే, తర్వాత?

చిరంజీవి అమ్ములుకి,



కొత్త సిరీస్ ఏది చూసినా నాకు ఫోన్ చేసి ఎలా ఉందో చెప్పడం నీకు కాలేజీ రోజుల నుంచీ అలవాటు. చాలామంది 'బాగుంది', 'బోరు' అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నువ్వు అలా కాదు. ముందు మూలం చదువుతావు, తర్వాత సిరీస్ చూస్తావు, రెండూ పక్కపక్కన పెట్టుకుని మాట్లాడతావు. ఆ ఓపిక నాకెంతో ఇష్టం. అందుకే నా మనసులో ఉన్న నాలుగు మాటలు ఫోన్లో హడావిడిగా చెప్పకుండా, కూర్చుని రాస్తున్నాను. తీరిగ్గా చదువుకో.

ఈమధ్య నీ మాటల్లో ఒకటి గమనిస్తున్నాను తల్లీ. 'పుస్తకంలో ఇలా లేదు పెద్దమ్మా, మార్చేశారు' అంటావు. ఎక్కడెక్కడ మార్చారో వరసపెట్టి చెప్తావు. ఈ పాత్ర తీసేశారు, ఆ ఊరు మార్చేశారు, చచ్చిపోవాల్సినవాణ్ణి బతికించారు. అవన్నీ నిజమే, నీ జ్ఞాపకశక్తికి మురిసిపోతాను కూడా. కానీ ఆ జాబితా అయిపోగానే నీ మాటా అయిపోతోంది. నాకేమో సరిగ్గా అక్కడి నుంచే వినాలని ఉంటుంది. తేడా కనిపెట్టడానికి జ్ఞాపకం ఉంటే చాలు. ఆ తేడా వల్ల కథకి ఏం పోయింది, ఏం వచ్చింది, అసలు వాళ్ళకి మార్చాల్సిన అవసరం ఎందుకు వచ్చి ఉంటుంది అని ఆలోచిస్తే అప్పుడది అభిప్రాయం అవుతుంది. నేను నీకు చెప్పదలుచుకున్నది ఇదొక్కటే.

మూలాన్ని మార్చడం మనకి కొత్త కాదు. మన సాహిత్యం మొదలైందే ఒక మూలాన్ని మన దారికి తెచ్చుకోవడంతో. పదకొండో శతాబ్దంలో రాజరాజనరేంద్రుడు అడిగితే నన్నయ భారతాన్ని తెలుగు చేయడానికి పూనుకున్నాడు. శ్లోకానికో పద్యం చొప్పున లెక్కపెట్టుకుంటూ పోలేదాయన. కొన్నిచోట్ల కుదించాడు, కొన్నిచోట్ల పెంచాడు, పద్యమూ గద్యమూ కలిపి తెలుగువాడి చెవికి ఇంపుగా నడిపాడు. పదమూడో శతాబ్దంలో తిక్కన భీష్మపర్వానికి వచ్చేసరికి భగవద్గీతనే బాగా కుదించేశాడు. ఆయనకి గీత విలువ తెలియకనా? రెండు సైన్యాలు ఎదురెదురుగా నిలబడి ఉన్న ఘట్టంలో కథ ఆగిపోకూడదనుకున్నాడని నాకు అనిపిస్తుంది. ఆ నిర్ణయం ఒప్పా తప్పా అని వాదించుకోవచ్చు. కానీ 'మూలంలో ఉంది, ఇక్కడ లేదు' అన్నంత మాత్రాన ఆ వాదన తేలిపోదు.

'మాయాబజార్' నీకు కంఠతా వచ్చు కదా. 1957లో కె.వి. రెడ్డి తీసిన ఆ సినిమాలోని శశిరేఖ పెళ్ళి వ్యాసభారతంలో లేదు. అక్కడ అభిమన్యుడికి ఉత్తరతో పెళ్ళి. శశిరేఖా పరిణయం జనం నోళ్ళలో, నాటకాల్లో పెరిగిన కథ. పాండవుల ఇంటి పెళ్ళి అయ్యుండీ పాండవులు తెరమీద ఒక్కసారీ కనిపించరు. అయినా తరతరాలుగా ఇంటిల్లిపాదీ కూర్చుని చూస్తూనే ఉన్నాం. ఎందుకంటే అందులో మనుషులు భారతంలో మనుషులే. రాజ్యం పోయిన మేనత్త కొడుకుని చిన్నచూపు చూసే చుట్టాలు, పొగడ్తకి ఇట్టే లొంగిపోయే బలరాముడు, అన్నీ తెలిసి చిరునవ్వుతో నడిపించే కృష్ణుడు, అందరూ మనకి అక్కడ పరిచయమైనవాళ్ళే. సంఘటన కొత్తది, స్వభావాలు పాతవి. ఒక సిరీస్ మూలాన్ని నిలబెట్టిందా లేదా అని తూచేటప్పుడు నువ్వు మొదట చూడాల్సింది ఆ స్వభావాలనే.

అలాగని పుస్తకం చదివినవాళ్ళ బాధని నేను కొట్టిపారేయడం లేదు. మా తరం ఆ బాధ బాగా ఎరుగును. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' నవల చదివిన ప్రతి ఆడపిల్లా తన రాజశేఖరాన్ని తనే తయారుచేసుకుంది. ఎత్తు, నడక, కారు దిగే తీరు, మాట్లాడేటప్పుడు కనుబొమ ఎత్తడం, ఒక్కొక్కరికి ఒక్కోలా. 1976లో అది సినిమాగా వచ్చింది. అక్కినేని, వాణిశ్రీ. వాళ్ళు ఎంత బాగా చేసినా, అప్పటిదాకా వేలమంది మనసుల్లో వేలమందిగా ఉన్న రాజశేఖరం ఆ రోజు నుంచి ఒక్కడైపోయాడు. అది ఎవరి తప్పూ కాదు. పుస్తకం మొహాన్ని చదివేవాళ్ళకి వదిలేస్తుంది, తెర ఎవరో ఒకరి మొహాన్ని చూపించి తీరాలి. నీకు ఒక పాత్రధారి నచ్చనప్పుడు కాస్త ఆగి చూసుకో. ఆ నటుడు పాత్రని అర్థం చేసుకోలేదా, లేక నువ్వు ఊహించుకున్న మొహం అతనికి లేదా? మొదటిది విమర్శ. రెండోది బెంగ. బెంగపడటంలో తప్పులేదు, దాన్ని విమర్శ అని చెప్పకుండా ఉంటే చాలు.

మార్పు రచయితకే నచ్చకపోవడమూ ఉంది. ఆర్.కె. నారాయణ్ 'గైడ్' నవలని 1965లో సినిమాగా తీసినప్పుడు జనం నెత్తిన పెట్టుకున్నారు. నారాయణ్‌కి మాత్రం నచ్చలేదు. తన మాల్గుడిని తీసుకెళ్ళి రాజస్థాన్‌లో పెట్టడం మీద ఆయన తన అసంతృప్తిని వ్యాసంగానే రాశారు. ఆయన బాధ న్యాయమైనదే. దక్షిణాదిలో ఒక చిన్న ఊరు, ఆ ఊరి బడాయిలు, బలహీనతలు లేకపోతే రాజు అనే గైడ్ ఎక్కడి నుంచి పుడతాడు? అదే సమయంలో వహీదా రెహమాన్ నాట్యం, ఎస్.డి. బర్మన్ పాటలు ఆ కథకి పుస్తకంలో దొరకని ప్రాణం పోశాయన్నదీ నిజమే. రచయితకి నచ్చలేదు కాబట్టి సినిమా చెడ్డదనీ అనకు, జనానికి నచ్చింది కాబట్టి రచయిత చాదస్తుడనీ అనకు. రెండు నిజాల్నీ పక్కపక్కన పట్టుకోగలిగితే నీ మాటకి బరువు వస్తుంది.

ఇప్పుడు నీకిష్టమైన 'ద లాస్ట్ ఆఫ్ అస్' దగ్గరికి వద్దాం. నువ్వు ఆ వీడియో ఆటా ఆడావు, సిరీసూ చూశావు కాబట్టి దాపరికం లేకుండా మాట్లాడుకోవచ్చు. 2013లో వచ్చిన ఆటలో, లోకం కూలిపోయాక జోయెల్ ఎల్లీ అనే పిల్లని కాపాడుకుంటూ తీసుకెళ్ళే దారిలో, బిల్ ఉండే ఊరు గుర్తుందా? అడుగడుగునా ఉచ్చులు, ముళ్ళకంచెలు, చిరాకు మనిషి, నోరు తెరిస్తే తిట్లు. అతని జతగాడు ఫ్రాంక్ మనకి కనిపించేసరికే ఉరేసుకుని చనిపోయి ఉంటాడు. బిల్‌ని ద్వేషిస్తున్నానని చీటీ రాసిపెట్టి మరీ పోయాడు. మనుషుల్ని దగ్గరికి తీస్తే ప్రాణం మీదికి వస్తుందన్నది అక్కడ బిల్ జోయెల్‌కి చెప్పే నీతి. ఎవరినీ నమ్మకుండా బతికితే జోయెల్ చివరికి ఏమవుతాడో చూపించే అద్దం ఆ బిల్.

2023 జనవరిలో వచ్చిన సిరీస్ మూడో భాగంలో దీన్ని తిరగేశారు. ఫ్రాంక్ బిల్ తవ్విన గుంటలో వచ్చి పడతాడు. ఆకలితో ఉన్నవాడికి బిల్ వండి పెడతాడు. భోజనమయ్యాక ఫ్రాంక్ పియానో దగ్గర కూర్చుని ఒక పాత పాట మొదలుపెడతాడు, వాయించడం రాకపోయినా. బిల్ అతన్ని జరిపి అదే పాట తను పాడతాడు. ఆ పాటలో అతని ఒంటరితనం అంతా బయటపడిపోతుంది. అక్కడి నుంచి ఆ ఇద్దరు మగవాళ్ళ కాపురం, పోట్లాటలు, ముసలితనం. ఫ్రాంక్ ఒక తుపాకీ ఇచ్చి, బదులుగా విత్తనాలు తెచ్చుకుంటాడు. అవి కాసిన రోజు స్ట్రాబెర్రీ పండు కొరికి బిల్ నవ్వే నవ్వు చూశావు కదా! ప్రాణాలు కాపాడే తుపాకీని ఇచ్చేసి ప్రాణానికి రుచి తెచ్చుకున్నారు. ఫ్రాంక్ జబ్బుపడి, ఇక చాలనుకుని ఒక మంచి చివరి రోజు కావాలని అడిగితే, ఆ రోజు పెళ్ళి చేసుకుని, మందు కలిపిన వైన్ ఇద్దరూ తాగుతారు. వెళ్ళేముందు బిల్ జోయెల్‌కి ఉత్తరం రాసి పెడతాడు. కాపాడుకోవాల్సిన మనిషి ఒక్కరున్నా మనలాంటివాళ్ళు బతకడానికి కారణం ఉన్నట్టేనని ఆ ఉత్తరం సారం.

నువ్వు నాతో 'బిల్ కథ మొత్తం మార్చేశారు' అన్నావు. నిజమే, మార్చేశారు. ఇప్పుడు తర్వాతి ప్రశ్న వేసుకుందాం. ఏం పోయింది? బిల్‌కీ ఎల్లీకీ మధ్య ఆటలో ఉన్న చిటపటలు పోయాయి, ఆ పిల్ల నోటి దురుసుకి సరిజోడు దొరికిన సరదా పోయింది. జోయెల్‌కి హెచ్చరికలాంటి మనిషి పోయాడు. ఏం వచ్చింది? హెచ్చరిక బదులు ఒక దారి వచ్చింది. ఉత్తరంలో బిల్ కాపాడుకోమన్నది జోయెల్‌కి తోడుగా ఉన్న టెస్‌ని. ఆమె అప్పటికే చనిపోయింది. ఉత్తరం విన్న జోయెల్ బయటికి వెళ్ళి కాసేపు నిలబడి, వెనక్కొచ్చి, ఎల్లీని వెంట తీసుకుని బయల్దేరతాడు. ఆ ఉత్తరం ఇప్పుడు ఎవరి గురించో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఎందుకు మార్చారు? ఆటలో ఎల్లీని కాపాడేది నువ్వు, నీ చేతులతో. గంటలకొద్దీ కాపాడగా కాపాడగా నీకే ఆ పిల్ల మీద మమకారం పుడుతుంది. సిరీస్ చూసేవాళ్ళకి చేతిలో పని ఉండదు. ఆ మమకారాన్ని ఇంకో దారిలో పుట్టించాలి. ఆట కథ రాసిన నీల్ డ్రక్‌మనే క్రెయిగ్ మేజిన్‌తో కలిసి సిరీస్‌నీ తయారుచేశాడు కాబట్టి, ఇది మూలం తెలియనివాళ్ళు చేసిన పని అనడానికీ లేదు. ఇంత ఆలోచించాక కూడా నీకు ఆటలోని బిల్లే ఎక్కువ నచ్చితే నచ్చనీ. అప్పుడు నువ్వు చెప్పేది వినడానికి నేను అర్ధరాత్రయినా మేలుకుని ఉంటాను.

మార్పు దెబ్బతీసిన సందర్భమూ ఒకటి చెప్తాను, లేకపోతే పెద్దమ్మ సిరీస్‌ల వకాల్తా పుచ్చుకుందనుకుంటావు. 'హౌస్ ఆఫ్ ద డ్రాగన్' రెండో సీజన్ మొదటి భాగం, 2024 జూన్‌లో వచ్చినది. జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ రాసిన 'ఫైర్ అండ్ బ్లడ్'లో రాణి హెలేనాకి ముగ్గురు పిల్లలు, కవలలూ వాళ్ళకంటే చిన్నవాడు మేలోరూ. రాత్రివేళ చొరబడ్డ హంతకులు ఇద్దరు కొడుకుల్లో ఎవరిని చంపమంటావో నువ్వే చెప్పమని తల్లిని నిలదీస్తారు. ఆమె నలిగి నలిగి చిన్నవాడి పేరు చెప్తుంది. వాళ్ళు పెద్దవాణ్ణి చంపిపోతారు. తల్లి చావుకి ఒప్పుకున్న బిడ్డ ఆమె కళ్ళముందే బతికి ఉంటాడు. వాడి మొహం చూడగలదా ఆ తల్లి? సిరీస్‌లో మేలోర్ లేడు. కవలల్లో మగపిల్లాడు ఎవరని అడుగుతారు, ఆమె చూపిస్తుంది. దృశ్యం భయంకరంగానే ఉంది. కానీ ఆ తల్లి మీద జీవితాంతం పడాల్సిన భారం మాత్రం రాలేదు.

అదే ఏడాది సెప్టెంబరులో మార్టిన్ ఈ మార్పు గురించి వివరంగా రాశారు, కొద్దిసేపటికే దాన్ని తీసేశారు కూడా. రాసిన తీరు చూడు. మంచి భాగాలని ముందు మెచ్చుకున్నారు. చిన్నపిల్లలతో షూటింగ్ చేయడంలో ఇబ్బందుల్ని, ఖర్చుని ఒప్పుకున్నారు. ఆ తర్వాత మేలోర్ లేకపోవడం వల్ల తల్లి బాధలో ఏం తగ్గిందో, ముందుముందు వాడి మీద ఆధారపడ్డ సంఘటనలు ఎలా బలహీనపడతాయో ఒక్కొక్కటిగా చెప్పుకొచ్చారు. తన పుస్తకం, తన పాత్ర, తన బాధ, అయినా 'నా కథ పాడుచేశారు' అని ఊరుకోలేదు. కారణం చెప్పారు, పర్యవసానం చెప్పారు. అభిప్రాయం చెప్పడం అంటే అదీ.

ఒకే పుస్తకాన్ని ఇద్దరు తీస్తే ఎలా ఉంటుందో చూడాలంటే 'షోగన్' చూడు. జేమ్స్ క్లావెల్ నవల 1975లో వచ్చింది. 1980లో అమెరికా టీవీలో వచ్చినప్పుడు జపనీయుల మాటల్లో చాలా వాటికి కింద అనువాదం వేయలేదు. ఓడ కొట్టుకొచ్చి జపాన్ ఒడ్డున పడ్డ ఆంగ్లేయుడికి ఎంత అర్థమైందో చూసేవాళ్ళకీ అంతే అర్థం కావాలన్నది వాళ్ళ ఉద్దేశం. 2024లో మళ్ళీ తీసినప్పుడు ఎక్కువ భాగం జపనీస్‌లోనే నడిపి, కింద అనువాదం ఇచ్చారు. జపాన్ ప్రభువు తొరనాగా పాత్ర వేసిన హిరొయుకి సనాదా నిర్మాతల్లో ఒకరు. ఆ సీజన్‌కి 18 ఎమ్మీ అవార్డులు వచ్చాయి. కథ అదే, ఓడ అదే. మొదటిదాంట్లో జపాన్ ఒక వింత. రెండోదాంట్లో ఆంగ్లేయుడే వింత. కాబట్టి సిరీస్ ఏదైనా మూలంతో పోల్చేటప్పుడు, కథని ఎవరి కళ్ళతో చూపిస్తున్నారో అడగడం మరిచిపోకు. సంఘటన ఒక్కటీ మారకపోయినా చూపు మారితే కథే మారిపోతుంది.

మూలానికి కట్టుబడటం కూడా ఒక్క రకం కాదు. లియు త్సిషిన్ 'త్రీ బాడీ ప్రాబ్లమ్' నవలని చైనాలో టెన్సెంట్ సంస్థ 2023లో 30 భాగాలుగా తీసింది. పాత్రలూ ఊళ్ళూ సంఘటనల వరసా నవలకి బాగా దగ్గర. కానీ సాంస్కృతిక విప్లవ కాలంలో ఒక శాస్త్రవేత్తని జనం మధ్య కొట్టి చంపే దృశ్యం, అతని కూతురి జీవితాన్నే మలుపు తిప్పిన దృశ్యం, అందులో లేదు. 2024లో నెట్‌ఫ్లిక్స్ 8 భాగాల్లో తీసినది కథలో చాలా భాగాన్ని ఇంగ్లండుకి తరలించింది, ఒక పాత్రని నలుగురైదుగురిగా విడగొట్టింది. కానీ మొదలుపెట్టిందే ఆ దృశ్యంతో. వీటిలో ఏది మూలానికి దగ్గర? ఒకటి కథనాన్ని కాపాడింది, ఇంకొకటి కథ పుట్టిన గాయాన్ని కాపాడింది. 'ఉన్నదున్నట్టు తీశారు' అని మెచ్చుకునేటప్పుడు ఏది ఉన్నదున్నట్టు ఉందో కూడా చెప్పు.

నిడివి సంగతీ గుర్తుపెట్టుకో. గార్సియా మార్క్వెజ్ బతికుండగా 'వందేళ్ళ ఏకాంతం' నవలని సినిమా తీయడానికి ఎవరికీ ఇవ్వలేదు. ఆయన పోయాక కొడుకులు ఒప్పుకుంటే, స్పానిష్‌లోనే, కొలంబియాలోనే సిరీస్‌గా తీశారు. మొదటి 8 భాగాలు 2024 డిసెంబరులో వచ్చాయి. ఏడు తరాల కుటుంబం రెండున్నర గంటల్లో ఇమడదు, సిరీస్‌లో ఊపిరి పీల్చుకోగలదు. అదే విక్రమ్ సేథ్ 'ఎ సూటబుల్ బాయ్' సుమారు 1,350 పేజీల నవల, 2020లో 6 భాగాల్లో ముగించారు. అంత పెద్ద నవలని అంత చోటులో పెట్టాలంటే ఎవరో ఒకరు బయటే ఉండిపోతారు. ఎవరు ఉండిపోయారన్నది చెప్పేముందు ఎంత చోటు దొరికిందో చెప్పు, న్యాయంగా ఉంటుంది.

కొన్నిటికి మూలం నవల కాదు, నిజంగా జరిగిన జీవితం. వాటి దగ్గర ఇంకొంచెం మెత్తగా మాట్లాడాలి తల్లీ. 1997 జూన్ 13న ఢిల్లీలో ఉపహార్ సినిమాహాలు అగ్నిప్రమాదంలో 59 మంది చనిపోయారు. నీలమ్, శేఖర్ కృష్ణమూర్తి దంపతుల ఇద్దరు పిల్లలూ అందులో పోయారు. ఆ తల్లిదండ్రులు ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగి, 2016లో 'ట్రయల్ బై ఫైర్' అని పుస్తకం రాశారు. 2023లో అది సిరీస్‌గా వచ్చింది. దాన్ని చూసి నీ స్నేహితురాలు 'మధ్యలో సాగదీశారు' అందని చెప్పావు. ఆ అమ్మాయికి అలా అనిపించడంలో తప్పులేదు. కానీ వాయిదా మీద వాయిదా పడటమే ఆ దంపతుల బతుకు అయినప్పుడు, ఆ విసుగు కొంత మనకీ తగలాలనే తీశారేమో అన్న ఆలోచన కూడా రావాలి. ఇలాంటివాటిలో ఏది కోర్టు కాగితాల్లో ఉన్నది, ఏది కథ కోసం కల్పించినది అని తెలుసుకుని మాట్లాడు. తెలియనప్పుడు 'సిరీస్‌లో ఇలా చూపించారు' అను, 'ఇలా జరిగింది' అనకు. బతికున్నవాళ్ళ పరువు ఆ రెండు మాటల మధ్య ఉంటుంది.

మన ఇంటి సంగతికి వస్తే, హిందీ 'పంచాయత్'ని తెలుగులో 'సివరపల్లి'గా 2025 జనవరిలో తెచ్చారు. ఇలాంటి రీమేకులని చూసేటప్పుడు పాత్రల పేర్లు మారాయా అని కాదు, నేల మారిందా అని చూడు. 'పంచాయత్'లో ప్రధాన్ పదవి భార్యది, పెత్తనం భర్తది. ఆ ముడిని పట్టుకొచ్చి మన ఊళ్ళకి అతికించక్కర్లేదు. పంచాయతీల్లో సగం సీట్లు ఆడవాళ్ళకి కేటాయించిన రాష్ట్రాలు మనవి. సర్పంచి కుర్చీలో భార్య పేరు, ఊరి పనుల్లో భర్త మాట మనం చూస్తూనే ఉన్నాం. అక్కడ కథ దానంతటదే మనదైపోతుంది. ఎక్కడైతే సంభాషణ తెలుగులో ఉండీ ఆ మనుషులు మన ఊరివాళ్ళలా అనిపించరో, ఆ చోటు పట్టుకుని చెప్పు. తీసేవాళ్ళకి నిజంగా పనికొచ్చే మాట అదే.

ఇక మాట తీరు గురించి రెండు ముక్కలు.

మూలం చదివినవాళ్ళకి ముందే తెలుసు. ఆ తెలియడం పెద్ద పదవేం కాదు, ఒక బాధ్యత. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్'లో పెళ్ళివిందులో జరిగే నరమేధం 2000లో వచ్చిన పుస్తకంలోనే ఉంది. టీవీలో వచ్చింది 2013 జూన్‌లో. చదివినవాళ్ళు ఎంతోమంది పక్కన కూర్చున్న స్నేహితులకి ఒక్క మాట పొక్కనివ్వకుండా, ఆ రాత్రి వాళ్ళ మొహాలు చూడటానికి కాచుకుని ఉన్నారు. ఎంత ప్రేమ ఉంటే అంత రహస్యం దాచగలరు చెప్పు! ఎదుటివాళ్ళకి మొదటిసారి చూడటం అన్నది ఒక్కసారే దొరుకుతుంది. నువ్వు దాన్ని లాక్కోకు. మాట మొదలుపెట్టేముందు 'ఎంతవరకు చూశావు?' అని అడగడం అలవాటు చేసుకో. పుస్తకం చదవనివాళ్ళని తక్కువ చేసి మాట్లాడకు. వాళ్ళు సిరీస్ చూసి పుస్తకం దగ్గరికి వస్తే నీకో తోడు దొరుకుతుంది. నీ మాట గుచ్చుకుంటే ఆ దారి మూసుకుపోతుంది.

నటుల జోలికి మాత్రం అస్సలు వెళ్ళకు. 'ద లాస్ట్ ఆఫ్ అస్' రెండో ఆట 2020లో వచ్చినప్పుడు, ఆబీ పాత్రకి గొంతు ఇచ్చిన లారా బెయిలీని చంపేస్తామని బెదిరించారు, ఆమె బిడ్డని కూడా వదల్లేదు. ఆటలో ఆబీ చేసిన పనికి లారా ఏం చేస్తుంది? పాత్ర మీద కోపం రావడం కథ గెలిచిందనడానికి గుర్తు. ఆ కోపాన్ని మనిషి మీదికి మళ్ళిస్తే అది అభిప్రాయం కాదు, అన్యాయం. నీ ముందు ఎవరైనా అలా మాట్లాడితే నవ్వి ఊరుకోకు, అక్కడే ఆపు.

ఇంకొకటి. పూర్తిగా చూడకముందే, నలుగురి మాటలు వినేసి వాటినే నీ నోటితో చెప్పకు. పెళ్ళిలో అడుగుపెట్టకముందే వంకలు కట్టుకొచ్చే చుట్టానికి ఏ వంటా రుచించదు. చూడు, పడుకో, పొద్దున్న లేచాక నీ మనసులో ఏ సీను మిగిలిందో దాని దగ్గర మొదలుపెట్టు. మళ్ళీ చూసినప్పుడు అభిప్రాయం మారితే మార్చుకో, మొహమాటపడకు. మారలేదంటే ఇంకా గట్టిగా చెప్పు.

ఈసారి నాకు ఫోన్ చేసినప్పుడు పది తేడాలు చెప్పక్కర్లేదు. ఒక్క సీను ఎంచుకో. పుస్తకంలో అది ఏ పని చేసింది, తెరమీద ఏ పని చేస్తోంది, మధ్యలో ఏం చేజారింది, ఏం చేతికొచ్చింది, అంతవరకు చెప్పు. ఆ చేజారినది నీకెందుకు ముఖ్యమో కూడా చెప్పు. కథ గురించి నువ్వు ఏం అనుకుంటున్నావో అక్కడే నాకు తెలుస్తుంది. నువ్వు చెప్పేది నాకు నచ్చకపోతే వాదిస్తాను, నువ్వూ వెనక్కి తగ్గకు. అలా వాదించుకుంటూనే మూలాన్ని ఇద్దరం ఇంకోసారి చదువుదాం. ఈ తరంలో అంత శ్రద్ధగా చూసే కళ్ళు నీకున్నాయి. వాటికి తగ్గ మాట కూడా నీకు వస్తుందని నా నమ్మకం.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ